పడమటి దిమ్మె

పదమూడు నెలల తర్వాత టేపు మాస్టారు మళ్ళీ తూర్పు దిమ్మె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అప్పుడే తెల్లవారుతోంది. ఎండ తగిలితే ఉక్కు టేపు సాగుతుంది కనుక ఈ కొలత ఎప్పుడూ పొద్దెక్కకముందే తీయాలి.

వీధికి ఈ పక్కొకటి, ఏటవాలుగా ఆ పక్కొకటి, మోకాలెత్తు సిమెంటు దిమ్మెలు. ఒక్కోదాని నెత్తిన ఇత్తడి మేకు, మేకు మీద వెంట్రుకంత గీత. ఆ రెండు గీతల మధ్య దూరం నెలకోసారి కొలిచి భూకంపాల ఆఫీసుకి పంపడం ముప్పై ఏళ్ళుగా ఆయన పని. రిటైరయ్యాక కూడా ఆ పనికి ఇంకొకరు రాలేదు, ఈ పదమూడు నెలలు తప్ప ఆయనా వదల్లేదు. పడమటి దిమ్మె దగ్గర ఒక మనిషి టేపు కొసకి స్ప్రింగు కాటా తగిలించి, ముల్లు పది కిలోల మీదికి వచ్చేదాకా లాగి, అక్కడే నిలబెట్టి "పది" అని కేకెయ్యాలి. ఆ మాట వినగానే తూర్పు దిమ్మె దగ్గరి మనిషి అంకె చదవాలి. లాగుడు తగ్గిందంటే టేపు నడుమ కిందికి జారి, ఉన్నదానికన్నా ఎక్కువ దూరం చూపిస్తుంది. అందుకే పది అంటే పదే, తొమ్మిదిన్నర కాదు.

ముప్పై ఏళ్ళూ ఆ "పది" ఆయన భార్య గొంతు. ఎప్పుడో ఒకనాడు, టేపు కొస లాగే ఆఫీసు చైన్‌మన్‌కి జ్వరమొస్తే, తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి కాటా పట్టుకుంది. ఆ చైన్‌మన్‌కి జ్వరం తగ్గినా మళ్ళీ ఈ వీధి మొహం చూడలేదు.

ఇవాళ ఆమె నిలబడే చోట ఆఫీసు పంపిన కొత్త చైన్‌మన్ ఉన్నాడు. యాభై ఏళ్ళ మనిషి, గుమ్మంలో పట్టని భుజాలు. అందరూ ఏనుగు అంటారు, అడిగితే తనూ అదే పేరు చెబుతాడు.

"పది, మాస్టారూ," అన్నాడు ఏనుగు. "ఇంకో పది కావాలన్నా ఉంది."

మాస్టారు అంకె చదివాడు. కళ్ళద్దాలు తీసి తుడిచి మళ్ళీ చదివాడు. మూడోసారి లాగమన్నాడు. మూడుసార్లూ ఒకటే. ఇరవై ఎనిమిది మీటర్ల నాలుగు వందల పదిహేడు మిల్లీమీటర్లు.

పుస్తకం తెరిచాడు. చివరి కొలత భార్య మంచం పట్టడానికి రెండు రోజుల ముందు తీసింది. ఇరవై ఎనిమిది మీటర్ల నాలుగు వందల పదిహేడు.

ఆ నేల ఏడాదికి ఆరు మిల్లీమీటర్లు జరుగుతుంది. ముప్పై ఏళ్ళలో ఒక్క నెల కూడా ఆగి ఊపిరి పీల్చుకోలేదు. ఆవిడ పోయాక పదమూడు నెలల్లో వెంట్రుకంత కూడా కదల్లేదు.

ఆ పాత అంకె మీద ఆయన వేలు పెట్టాడు. ఆయనకి కలిగింది భయం కాదు, నిజం చెప్పాలంటే సంతోషం లాంటిది. ఆవిడ పోయిన రోజు వీధిలో కుళాయి ఆగలేదు, బస్సులు ఆగలేదు, ఎదురింటి రేడియో కూడా సాయంత్రానికి మళ్ళీ మోగింది. కాని కింద ఏదో ఒకటి ఆగింది.

టేపు చుడుతూ ఏనుగు, అసలు ఈ నేల ఎందుకు జరగాలండీ, దానికేం పని అని అడిగాడు. మాస్టారు తన భార్య చెప్పే పద్ధతిలోనే చెప్పాడు. మరిగే పాల మీద మీగడ కట్టి, పగిలి, ముక్కలు జరుగుతుంటాయి కదా, మన నేల కూడా అంతే. కింద రాయి వేడికి మెత్తబడి, మనిషి జన్మలో కనిపించనంత నెమ్మదిగా పారుతుంది. పైన గట్టి ముక్కలు, సముద్రాల్నీ కొండల్నీ నెత్తిన మోసుకుంటూ, గోళ్ళు పెరిగే వేగంతో ప్రయాణం చేస్తాయి. ముక్కలు గుద్దుకున్న చోట కొండలు లేస్తాయి, విడిపోయిన చోట సముద్రం పుడుతుంది. ఈ వీధి కింద మాత్రం రెండు ముక్కలు ఒకదాన్నొకటి రాసుకుంటూ చెరో వైపూ పోతున్నాయి.

"ఇరుకు సందులో ఇద్దరు లావుపాటివాళ్ళు ఎదురైనట్టు," అన్నాడు ఏనుగు.

"అదే."

"మరి ఇద్దరూ ఇరుక్కుపోతే?"

మాస్టారు పుస్తకం మూసి లేచాడు.

ఆ రెండు ముక్కలూ రాసుకునే గీత సరిగ్గా మాస్టారి ఇంటి కిందుగా పోతుంది. ముందుగది తూర్పు ముక్క మీద, వంటగది పడమటి ముక్క మీద ఉన్నాయి. పడమటి ముక్క ఉత్తరానికి పోతోంది, ఆవిడ పుట్టిల్లు ఉత్తరానే. "నాతో పేచీ పెట్టుకోకండి," అనేది ఆవిడ. "నేను పెట్టె సర్దుకోనక్కర్లేదు. వంటగదే నన్ను పుట్టింటికి దిగబెడుతుంది. కాకపోతే కొంచెం ఆలస్యమవుతుంది."

ఆ రెండు గదుల మధ్య తలుపుకు స్థిమితం ఉండేది కాదు. ద్వారబంధం ఏడాదికింత ఒరిగేది, గడియ తన గూటికి అందకుండా పోయేది. ఏడాదికోసారి ఆవిడే స్టూలెక్కి, గూడు బిళ్ళ మరలు ఊడదీసి, కాస్త జరిపి బిగించి, ఆ చోట పెన్సిలుతో ఒక గీత గీసి తేదీ వేసేది. ఆయన ఊరి నేలంతా కొలిచేవాడు గాని ఆ తలుపు జోలికి ఒక్కనాడూ పోలేదు. ఇంట్లో గడియారాల పనివాడుంటే గోడ గడియారం ఎప్పుడూ ఆగిపోయే ఉంటుందట.

ఆవిడ పోయిన ఆరేడు నెలలకి ఆ తలుపు దానంతట అదే తెరుచుకోవడం మొదలుపెట్టింది.

అదీ మిట్టమధ్యాహ్నం. వంటగదిలో తనే ఏదో ఇంత ఉడకేసుకుని, తలుపు వేసి, ముందుగదిలో కూర్చుని తింటూండగా టక్కుమని చప్పుడయ్యేది. తలుపు జానెడు తెరుచుకుని ఆగేది. జానెడే. ఒక మనిషి మొహం పెట్టి "ఇంకొంచెం కావాలా?" అని అడగడానికి ఎంత సందు కావాలో అంత. మొదటిసారి ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. రెండోసారి లేచి వెళ్ళి చూశాడు. పొయ్యి, గిన్నెలు, కిటికీలోంచి పడ్డ ఎండ, అంతే. పదోసారికి తలెత్తకుండానే "చాలు" అన్నాడు. అలా అన్నాక ఇల్లంతా నిశ్శబ్దంగా ఉండేది, కాని ఖాళీగా ఉండేది కాదు. వేసవిలో ఇంకా ఎక్కువ రోజులు తెరుచుకునేది. తెరుచుకోని రోజున అన్నం సహించేది కాదు.

ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. చదువుకున్నవాడు చెప్పే మాటా ఇది?

కొలత పంపిన నాలుగో రోజున భూకంపాల ఆఫీసు నుంచి ఆఫీసరమ్మ వచ్చింది. ముప్పై అయిదేళ్ళుంటాయి. ఇంట్లోకి వస్తూ చెప్పులు విడిచి, అవి వంకరగా పడితే వంగి సరిచేసింది. మాస్టారికి అది నచ్చింది. ఆమె బల్ల మీద ఒక గ్రాఫు కాగితం పరిచింది. ముప్పై ఏళ్ళ గీత ఏటవాలుగా, తాడు లాగి కట్టినట్టు తిన్నగా ఎక్కింది. చివర్లో ఒక ఏడాదీ రెండు నెలలూ దాని ఏటవాలు రెట్టింపైంది. అప్పట్లో వానలెక్కువ, మట్టి ఉబ్బి ఉంటుందని మాస్టారే పక్కన రాశాడు. ఆ తర్వాత పదమూడు నెలలు, నేల మీద పడుకోబెట్టినట్టు అడ్డంగా ఒక గీత.

"మాస్టారూ, కదిలే నేలకి నేను భయపడను," అంది ఆఫీసరమ్మ. "రోజూ కాస్త కాస్త గొణిగే మనిషితో ఇబ్బంది లేదు. ఉన్నట్టుండి గట్టిగా గొణిగి, ఆ తర్వాత ఏడాదిగా నోరు మెదపకపోతేనే భయం. లోపల రెండు ముక్కలూ ఇరుక్కుపోయాయి. లాగుడు మాత్రం ఆగదు. అది ఏదో ఒకరోజు ఒక్కసారిగా తెగుతుంది."

గీత మీద ఉన్న పదకొండు ఇళ్ళూ, పడమటి దిమ్మె పక్కన దర్జీ కొట్టూ ఖాళీ చేయించి పడగొట్టాలని తను రాయబోతోందట. పది రోజుల్లో పంపాలి. ఇంకొన్ని నెలలు కొలిచి చూద్దామంటే, ఆ కొన్ని నెలల్లో ఏమైనా అయితే ఎవరు జవాబు చెప్పాలి? ఆమె అడిగిన తీరులో దబాయింపు లేదు, నిద్రపోని మనిషి కంగారు ఉంది. కొలతలో పొరపాటుకి చోటుందా అని రెండుసార్లు అడిగింది. ఉండాలని ఆమె కోరుకుంటున్నట్టే ఉంది.

లేదన్నాడు మాస్టారు. టేపు అదే, కాటా అదే, చదివిన కళ్ళూ అవే.

సరిగ్గా అప్పుడే టక్కుమంది. తలుపు జానెడు తెరుచుకుంది.

ఆఫీసరమ్మ అటు చూసి, లోపల ఎవరైనా ఉన్నారా అని అడిగింది.

"ఎవరూ లేరమ్మా," అన్నాడు ఆయన. ఆ మాట అంటూంటే సొంత మనిషిని గుమ్మం బయట నిలబెట్టి తలుపేసినట్టనిపించింది. "పాత తలుపు. గడియ అందదు."

ఆమె వెళ్ళిపోయింది. ఆయన మాత్రం తన నోట్లోంచి వచ్చిన ఆ మాట దగ్గరే ఆగిపోయాడు.

గడియ అందదు.

ఎందుకు అందదు? ఆవిడ చివరిసారి బిగించినప్పుడు అందింది. ద్వారబంధం ఒరిగితేనే గదా గడియ తప్పేది. నేల ఆగిపోతే ద్వారబంధం ఎలా ఒరుగుతుంది?

ఆయన స్టూలు తెచ్చుకుని ఎక్కాడు. జేబులోంచి చిన్న స్కేలు తీశాడు. ద్వారబంధం మీద ఆవిడ గీతలు నిచ్చెన మెట్లలా ఒకదాని పైన ఒకటి ఉన్నాయి, పక్కన పొట్టి పొట్టి అంకెల్లో తేదీలు. ఏటికీ ఏటికీ మధ్య రెండు మిల్లీమీటర్లు. ఇంటి మొత్తం కదలికలో ఈ తలుపు వంతు అంతే. అన్ని మెట్లూ ఒకే ఎడం. చివరి ఏడాది, గ్రాఫులో నేల రెట్టింపు పరుగెత్తిన ఏడాది, అక్కడ కూడా రెండే. ఆ గీత ఒక్కటే వణికింది. దాని నుంచి ఇప్పుడు గడియ వచ్చి కొట్టుకుంటున్న చోటుకి రెండు మిల్లీమీటర్లు, ఆ పైన పిసరంత.

నేల పరుగెత్తనూ లేదు, ఆగనూ లేదు.

తలుపు అబద్ధమాడదు, టేపూ అబద్ధమాడదు. మిగిలింది మనిషి. తూర్పు దిమ్మె దగ్గర మనిషి తనే. ఆయన స్టూలు దిగకుండా పడమటి దిమ్మె దగ్గరి మనిషి గురించి ఆలోచించాడు. దిగి చెప్పులేసుకున్నాడు.

దర్జీ కొట్టు పడమటి దిమ్మెకి మూడడుగుల దూరం. దర్జీ ఆవిణ్ణి అక్కా అని పిలిచేవాడు, ఆ వరసన మాస్టారు బావగారు. మాస్టారు వెళ్ళేసరికి మిషను మీద ఏదో అంచు కుడుతున్నాడు. అక్క కాటా లాగేటప్పుడు నువ్వు ఎప్పుడైనా చూశావా అని అడగగానే అతని కాలు ఆగిపోయింది. కుట్టే గుడ్డని రెండు మూడు మడతలు పెట్టి, విప్పి, మళ్ళీ మడత పెట్టాడు.

"మాటిచ్చాను బావగారూ."

"ఎవరికిచ్చావో ఆవిడ లేదు. ఈ వీధి ఉండాలా వద్దా అన్నది నీ మాట మీద ఉంది."

దర్జీ లేచి బయటికొచ్చి పడమటి దిమ్మె అడుగున చూపించాడు. సిమెంటు అక్కడ ఒకచోట నున్నగా అరిగి, చిన్న గుంట పడింది. చివరి రోజుల్లో అక్క అక్కడ మడమ తన్నిపెట్టి, వెనక్కి వాలి లాగేదట. మొదట్లో తొమ్మిది దాకా వచ్చేది. తర్వాత ఎనిమిది. ఆఖరికి ముల్లు ఏడు దగ్గర ఆగిపోయేది.

"ముల్లు ఏడు మీద ఉండగానే కళ్ళు మూసుకుని పది అనేది బావగారూ. గొంతు మాత్రం ఎప్పట్లాగే. నేను లాగుతానక్కా అన్నాను. నువ్వు లాగితే పది అని ఎవరు అంటారురా, నీ గొంతు వింటే ఆయన టేపు పారేసి పరిగెత్తుకొస్తాడు అంది."

"నాకు చెబితే నేనేమైనా అనేవాణ్ణా?"

దర్జీ నేలకేసి చూశాడు. "నేనూ అదే అన్నాను. దానికి అక్క నవ్వింది. చెబితే నన్ను ఇంట్లో కూర్చోబెడతాడు. నెలకోసారి ఆయన అంత దూరాన మోకాళ్ళ మీద కూర్చుని, నా ఒక్క మాట కోసం చెవి ఒగ్గుకుని ఉంటాడు చూడు, ఇంట్లో ముప్పై ఏళ్ళలో అలా ఎప్పుడూ వినలేదు. ఇది నేను వదులుకోను అంది."

మాస్టారు వంగి ఆ గుంటని వేలితో తడిమాడు. అందులో చిన్న ఎండుటాకు పడి ఉంటే తీసేశాడు.

మర్నాడు తెల్లవారగానే ఏనుగుని పిలిపించి, పది లాగించి ఒకసారి, తొమ్మిదిన్నర లాగించి ఒకసారి, అలా అర్ధకిలో చొప్పున తగ్గిస్తూ ఏడు దాకా చదివాడు. ఇంత బలం పెట్టుకుని ఏడు లాగమంటారేమిటని ఏనుగు గొణిగాడు. ఏడు దగ్గర టేపు ఆరున్నర మిల్లీమీటర్లు ఎక్కువ చూపించింది. పదమూడు నెలల్లో నేల జరిగేదీ సరిగ్గా అంతే. నేల తన దారిన తను ముందుకి జరిగినంతా, ఆవిడ చేతి నీరసం చివరి కొలతలో ముందే కలిపేసి ఉంచింది. రెండూ కలిసి ఆగిపోయినట్టు కనిపించింది.

ఇంటికొచ్చి పుస్తకం ముందేసుకున్నాడు. ఆవిడ గీతలను బట్టి నేల ఏ నెలలో ఎక్కడ ఉండాలో తెలుసు, టేపు ఏం చూపించిందో తెలుసు. రెంటికీ తేడా చూస్తే ఆ నెలలో ఆవిడ ఎంత లాగిందో తెలిసిపోతుంది. పద్నాలుగు నెలలు. ఒక్కొక్కటే రాసుకుంటూ పోయాడు. తొమ్మిదిన్నర. ఆ నెలలోనే ఆవిడ నీళ్ళ బిందె చిన్నది కొనుక్కుంది, తను వేళాకోళమాడాడు. తొమ్మిది. ఎనిమిదిన్నర. అది పక్కింటివాళ్ళ పెళ్ళికి వెళ్ళనన్న నెల. తను కోపంతో ఒక్కడే వెళ్ళొచ్చాడు. ఎనిమిది. ఏడున్నర. ఏడు. ఏడు.

మూడు వారాల్లో పోయింది, ఎక్కువ బాధపడకుండా పోయింది అని ఇన్నాళ్ళూ ఆయన అందరికీ చెప్పేవాడు. తనకి తను ఇంకా ఎక్కువసార్లు చెప్పుకునేవాడు. ఇప్పుడు ఆ మాట కూడా లేదు. ఆ పద్నాలుగు అంకెలూ ఆయన చేతివ్రాతలోనే, ఆయనకి తెలియని ఒక ఏడాదిని చూపిస్తున్నాయి.

టక్కుమంది. ఆయన తలెత్తాడు. "చాలు" అనబోయి ఆగిపోయాడు. ఎందుకు తెరుచుకుందో ఇప్పుడు తెలుసు. ఒరిగిన ద్వారబంధంలో కొసన మాత్రం పట్టుకున్న గడియ, మధ్యాహ్నపు వేడికి కలప కాస్త కదలగానే జారుతుంది.

ఆ కాగితం చించేస్తే ఎవరికీ తెలియదు. నేల ఆవిడ కోసమే ఆగిందని, ఆవిడ మధ్యాహ్నం పూట వస్తోందని అనుకుంటూ ఉండొచ్చు. ఎంతకాలం? మహా అయితే ఇంకో తొమ్మిది రోజులు. ఆ తర్వాత తలుపూ ఉండదు, గుమ్మమూ ఉండదు, దర్జీ మిషను ఏ తోపుడుబండి మీదో ఎక్కుతుంది. ఆయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

ఆఫీసరమ్మ ఆ కాగితం చూసి, తానే వచ్చి ద్వారబంధం మీది గీతలన్నీ భూతద్దం పెట్టి కొలుచుకుంది. దర్జీ చెప్పింది రాసుకుంది. ఇంతా చేశాక నెమ్మదిగా ఒక ఫారం ముందుకు జరిపింది. అందులో కొలత దోషం అని ఒక గడి, కారణం అని ఇంకొక గడి ఉన్నాయి. అది మాస్టారే నింపి సంతకం పెట్టాలి.

ఆయన కలం పట్టుకుని రాశాడు. పడమటి దిమ్మె దగ్గరి వ్యక్తికి ఒంట్లో బాగాలేదు. తూర్పు దిమ్మె దగ్గరి వ్యక్తి గమనించలేదు.

ఆఫీసరమ్మ అది చదివి, రెండో వాక్యం అవసరం లేదేమో అంది. ఉండనివ్వమన్నాడు.

ఆమె కాగితాలు సర్దుకుంటూ, "మాస్టారూ, మొత్తం మూడు వందల అరవై కొలతలు," అంది. "ఈ పద్నాలుగూ తీసేస్తే మూడు వందల నలభై ఆరు. చేత్తో తీసిన కొలతల్లో ఇంత నిలకడ నేనింకెక్కడా చూడలేదు. ఇది కూడా మీరు తెలుసుకోవాలి."

ఇళ్ళు పడగొట్టాలన్న కాగితం వెళ్ళలేదు. ప్రమాదం లేదని కాదు, నేల ఎప్పట్లాగే ఉందని మాత్రమే అర్థం అని ఆమె వీధిలో అందరికీ విడమరచి చెప్పింది. ఎప్పట్లాగే చాలన్నాడు దర్జీ.

ఆ సాయంత్రం మాస్టారు స్టూలెక్కి గూడు బిళ్ళ మరలు ఊడదీశాడు. ఆ పని ఎంత చిన్నదో, చెయ్యి చేరని ఆ మూలలో ఎంత ఇబ్బందో అప్పుడు తెలిసింది. జరిపి బిగించి, వణికిన ఆవిడ గీత పైన తనొక గీత గీసి తేదీ వేశాడు. తలుపు వేస్తే గడియ గూట్లో పడి ఊరుకుంది. మర్నాడు మధ్యాహ్నం భోజనానికి కూర్చుని చాలాసేపు దానికేసి చూశాడు. అది తెరుచుకోలేదు. ఆయన సగం తిన్నాక లేచి, తనే వెళ్ళి దాన్ని జానెడు తెరిచి వచ్చి కూర్చున్నాడు.

మరుసటి నెల కొలతకి ఏనుగుని తూర్పు దిమ్మె దగ్గర కూర్చోబెట్టాడు. అంకె చదవడం రెండు రోజులు నేర్పాడు. తను పడమటికి వెళ్ళాడు. దర్జీ తన కొట్టు ముందు నిలబడి చూస్తున్నాడు.

కాటా తగిలించి లాగాడు. ముల్లు ఎనిమిది దాకా తేలిగ్గా వచ్చింది, తొమ్మిది దగ్గర మొండికేసింది. ముప్పై ఏళ్ళు ఆ మాట విన్నాడు గాని పది కిలోలు ఇంత బరువుంటాయని ఎప్పుడూ తెలియలేదు. లాగడం ఒక ఎత్తు, కదలకుండా నిలబెట్టడం ఇంకొక ఎత్తు. మణికట్టు వణికింది. కాలు దానంతట అదే వెతుక్కుని దిమ్మె అడుగున ఆ గుంటలోకి వెళ్ళింది. మడమ సరిగ్గా పట్టింది. వెనక్కి వాలాడు. ముల్లు పది మీద నిలబడింది.

అటు చివర ఏనుగు మోకాళ్ళ మీద కూర్చుని, అంత పెద్ద తలనీ ఒక పక్కకి వంచి, చెవి ఇటు పెట్టి ఎదురుచూస్తున్నాడు. తనూ అలాగే కనిపించేవాడన్నమాట.

"పది," అన్నాడు మాస్టారు.

ఏనుగు ఒక్కొక్క అంకే కూడబలుక్కుంటూ చదివి, పుస్తకంలో పాత అంకెతో పోల్చుకుని, తలెత్తి అరిచాడు.

"అర మిల్లీమీటరు ఎక్కువుంది మాస్టారూ. తప్పు చదివానేమో."

"తప్పు కాదు," అన్నాడు ఆయన, కాటా ఇంకా వదలకుండా. "వంటగది వెళ్తోంది. రాసుకో."